చేతి తిమ్మిరి: శస్త్రచికిత్స వలయునా, వలదా?

మానవుని యవయవములలో హస్తముకంటె నుపకారి వేఱొకటి లేదు. అన్నము తినిపించునది యదియే. ఆ యన్నమును సంపాదించునదియు నదియే. అట్టి చేయి యొకనాటి రాత్రి తిమ్మిరెక్కి, మఱునాడు పట్టిన వస్తువును జారవిడిచినచో, ఆ యింటివారి కెట్టి భయము కలుగునో యనుభవించినవారికే తెలియును. ఆ భయమునుండియే యీ వ్యాసము పుట్టినది.

బీబీపేట వీధులలో మధ్యాహ్నవేళ నడచినవారికి కానవచ్చు దృశ్య మొకటి కలదు. ఇంటి యరుగులమీద స్త్రీలు ముగ్గురు నలుగురు కూడి, ఒడిలో చాట పెట్టుకొని, తునికాకును కత్తెరతో కత్తిరించి, పొగాకు నించి, చుట్టి, కొన మడచి, దారము కట్టుచుందురు. మాటలు సాగుచుండును, చూపు వీధివైపునకు పోవుచుండును, వ్రేళ్లు మాత్రము నిలువవు. కామారెడ్డి, నిజామాబాదు, సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతములలో నెన్నియో కుటుంబములకు బీడీలపనియే యాధారము. కూలి వెయ్యి బీడీలకింత యని లెక్క. అనగా వ్రేళ్లు నిలిచిన గంట కూలి లేని గంట.

గత సంవత్సరము అర్ధసంవత్సర పరీక్షలకు ముందు పదవ తరగతి బాలిక యొకతె నాయొద్దకు వచ్చి, తలవంచుకొని, "సార్, మా అమ్మకు చేతికి ఆపరేషన్ చేపియ్యాల్నా, వద్దా?" అని యడిగెను. ఆమె తల్లికి కొన్ని మాసములుగా కుడిచేతి వ్రేళ్లు తిమ్మిరెక్కుచున్నవి. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి చేయి విదిలించుకొని కూర్చుండునట. కత్తెర చేతినుండి జారుచున్నదట. మేనమామ "కత్తి పడితే చెయ్యి పనికి రాకుంట పోతది" అనెనట. ప్రక్కింటి యామె "ఆలస్యం చేస్తే చెయ్యి చచ్చిపోతది, రేపే చేపియ్యి" అనెనట. ఈ రెండు మాటలనడుమ ఆ బాలిక తల్లిపనిలో సగము తానే చేయుచు, పుస్తకము ముట్టక, నెల దినములు గడపినది. నేను వైద్యుడను కాను, విజ్ఞానశాస్త్రము బోధించువాడను. ఆమె ప్రశ్నకు ప్రత్యుత్తరము వెదకుటలో తెలిసికొన్న విషయములను ఇతర కుటుంబములకు నుపయోగపడునని యిచట వివరించుచున్నాను.

నరము, దాని యిరుకుదారి

మెదడునుండి వెన్నుపాముద్వారా వచ్చిన నరములు మెడనుండి చేతిలోనికి దిగును. వానిలో ముఖ్యమైనవి మూడు: మీడియన్ నరము, అల్నార్ నరము, రేడియల్ నరము. ఇవి రెండు పనులు చేయును. కండరములకు మెదడు నాజ్ఞను తెచ్చును. చర్మము తాకినదానిని మెదడునకు చేరవేయును. ఆరోగ్యవంతమైన చేతినరములో వార్త సెకనుకు సుమారు 50 మీటర్ల వేగముతో పరుగెత్తును.

మణికట్టునొద్ద ఎనిమిది చిన్న యెముకలు దోనెవలె నమరియున్నవి. ఆ దోనెపై గట్టి పట్టీవంటి బంధకము అడ్డముగా కప్పియున్నది. ఈ రెంటినడుమ నేర్పడిన సొరంగమునకే కార్పల్ టన్నెల్ అని పేరు. వ్రేళ్లను ముడుచు స్నాయువులు తొమ్మిదియు, మీడియన్ నరమును ఈ సొరంగముననే పోవలెను. స్నాయువుల పొర యుబ్బినను, మణికట్టు చాలసేపు వంగియున్నను లోపలి యొత్తిడి హెచ్చును. యెముక లొదుగవు, బంధకము సాగదు. కావున నలుగునది మెత్తనిదైన నరమే.

మీడియన్ నరము బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము - వీనికి స్పర్శ నిచ్చును. కావున ఆ వ్రేళ్లే తిమ్మిరెక్కును. చిటికెనవ్రేలు సాధారణముగా బాగుండును. నిద్రలో మణికట్టు తెలియకుండ వంగుటచేత బాధ రాత్రివేళ హెచ్చును. చేయి విదిలించిన కొంత నెమ్మది కలుగును. కాలము గడచినకొలది బొటనవ్రేలి మొదటనున్న కండ తగ్గి, ఆచోట గుంట పడును. అప్పుడు గుండీ పెట్టుట, సూదిలో దారమెక్కించుట, తునికాకు చుట్టుట కష్టమగును.

చాలమంది "నరము నలిగినది" అను మాటను ఒకే యర్థమున వాడుదురు. నలుగుటలో రెండు మెట్లు కలవు. విద్యుత్తు తీగపైని తొడుగువలె నరపు పోగులపై నొక కప్పు ఉన్నది. మొదట చెడునది యా కప్పు. ఒత్తిడి తొలగినచో అది కొలది వారములలో బాగుపడును. ఒత్తిడి చిరకాలము నిలిచినచో లోపలి పోగే తెగును. తెగిన పోగు మరల పెరుగుట దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. మణికట్టునుండి వ్రేలికొనవఱకు 18 సెంటీమీటర్లున్నచో, ఆ లెక్కన ఆరు మాసములు పట్టును. అంతలో కండ మిక్కిలి క్షీణించినచో అది పూర్తిగా తిరిగి రాకపోవచ్చును. శస్త్రచికిత్స వలయునా, వలదా యను ప్రశ్నకు మూలమిదియే: ఇది మొదటి మెట్టా, రెండవ మెట్టా?

ఈ వ్యాధి తెలిసిన విధము

ఇంగ్లండు దేశపు శస్త్రవైద్యుడు సర్ జేమ్స్ పాజెట్ 1854లో మణికట్టు విరిగిన పిమ్మట మీడియన్ నరము నలిగిన రోగిని వర్ణించెను. 1880లో అమెరికాలో జేమ్స్ పట్నం రాత్రివేళ చేతులు తిమ్మిరెక్కు రోగులనుగూర్చి వ్రాసెను. 1913లో ఫ్రాన్సులో పియర్ మారీ, ఫోయి అనువారు, ఆ బంధకముక్రింద నరము నొక్కబడుటను మృతదేహమున చూచి, దానిని ముందే కోసియుండినచో కండ నిలిచియుండునేమో యని సూచించిరి. 1933లో సర్ జేమ్స్ లియర్‌మంత్ ఆ బంధకమును కోసి నరమును విడిపించెను. 1950 మొదలుకొని అమెరికా వైద్యుడు జార్జి ఫాలెన్ ఈ వ్యాధిని, దాని చికిత్సను వైద్యలోకమున వ్యాపింపజేసెను. రెండు మణికట్టులను ఒక నిమిషము వంచియుంచి తిమ్మిరి వచ్చునేమో చూచు పరీక్షకు నేటికిని ఆయన పేరే యున్నది.

కత్తికి ముందు కారణము

ఆ బాలికకు నేను చెప్పిన మొదటిమాట యిది: "అమ్మా, కొయ్యవలెనా యని యడుగుటకు ముందు, తిమ్మిరి దేనివలన వచ్చినదో యడుగుము." ఒకే తిమ్మిరికి కారణములు పెక్కు. బలముతో, ఎడతెగక, వంచిన మణికట్టుతో చేయు పని యీ వ్యాధిని హెచ్చించునని పరిశోధనలు చెప్పుచున్నవి. అయినను బీడీలు చుట్టువారందఱకు నిది రాదు, చుట్టనివారికిని వచ్చును. మధుమేహము, థైరాయిడ్ గ్రంథి మందగించుట, కీళ్లవాతము, స్థూలకాయము, గర్భధారణము - ఇవియు కారణములే. గర్భవతికి వచ్చిన తిమ్మిరి ప్రసవానంతరము చాలమట్టుకు దానంతట నదియే తగ్గును. అట్టి యామెకు తొందరపడి కోయించుట తగదు. థైరాయిడ్ లోపమునకు మాత్ర లున్నవి. ఒక్కొక్కప్పుడు నరము నలుగుట మణికట్టునొద్ద గాక మెడలోనే యుండును. అప్పుడు మణికట్టును కోసినచో ప్రయోజన మేమి?

మన ప్రాంతమున మఱవరాని కారణము మఱొకటి కలదు. అది కుష్ఠువ్యాధి. మనకు సమీపముననున్న డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్ అను స్కాట్లండు దేశపు మిషను వైద్యురాలును, ఆమె భర్త జార్జి కెర్ దొరగారును 1915లో కుష్ఠురోగుల కాశ్రయము స్థాపించిరి. నిజామాబాదు వాసియగు నర్సాగౌడు దానికి గొప్ప విరాళ మొసగెను. ఆ దినములలో చాల్‌మోగ్రా నూనె సూదులే మందు. 1981లో ప్రపంచారోగ్యసంస్థ పలుమందులను కలిపి యిచ్చు చికిత్సను సూచించినది మొదలు, ఆరు మాసములు గాని పండ్రెండు మాసములు గాని మందు తినినవారు స్వస్థులగుచున్నారు. ఆ మందు ప్రభుత్వమువారు ఉచితముగా నిచ్చుచున్నారు. భారతదేశమున నీ వ్యాధి పదివేలమందికి ఒకరికంటె తక్కువయ్యెనని 2005 డిసెంబరులో లెక్క తేలినది. తక్కువైనదే గాని లేకపోలేదు.

ఈ వ్యాధి తఱచుగా పట్టునది మోచేతి వెనుకనుండి పోవు అల్నార్ నరమును. మోచేయి గోడకు తగిలినప్పుడు జివ్వుమను నరమదియే. అది చెడినచో చిటికెనవ్రేలును, ఉంగరపువ్రేలిలో సగమును మొద్దుబారి, వ్రేళ్లు గోళ్లవలె వంకరపోవును. దేహముపై స్పర్శ లేని మచ్చ, మోచేతి వెనుక త్రాడువలె లావైన నరము, నిప్పు తగిలినను తెలియని వ్రేళ్లు కనబడినచో, దాచక వెంటనే చూపింపవలెను. ఇచట మొదటి చికిత్స కత్తి కాదు. వ్యాధికి మందులు, నరపు వాపునకు కొన్ని మాసముల స్టిరాయిడ్ మాత్రలు. ఆ మాత్రలకు మించి శస్త్రచికిత్స యెంత మేలు చేయునో నిశ్చయముగా తేలలేదు. నరమున చీము గడ్డ కట్టినప్పుడును, మందులకు లొంగని నొప్పియున్నప్పుడును వైద్యులు దాని నాలోచింతురు. వంకరపోయిన వ్రేళ్లను, బాగుగానున్న స్నాయువును మార్చి కుట్టి, మరల పనికి తెచ్చు విద్యను, 1946లో వెల్లూరు మిషను వైద్యకళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండు అభివృద్ధిచేసి లోకమునకు చూపెను.

కుష్ఠు లేకున్నను, అల్నార్ నరము మోచేతియొద్ద నలుగవచ్చును. చాలసేపు మోచేయి మడచియుంచుట, గట్టి చోట దానిపై నానుకొనుట మానినచో స్వల్పవ్యాధి చాలమందికి తగ్గును. కావున ఏ వ్రేళ్లు తిమ్మిరెక్కుచున్నవో గుర్తించి చెప్పుట రోగి వైద్యునకు చేయు మొదటి సహాయము.

కత్తి లేని చికిత్స

కార్పల్ టన్నెల్ వ్యాధి స్వల్పముగా నున్నచో మొదటి యుపాయము రాత్రి మణికట్టు వంగకుండ స్ప్లింటు అను బద్ద కట్టుకొనుట. ఆఱు వారములైనను విడువక కట్టవలెను. పనినడుమ గంటగంటకు చేతులను విశ్రమింపజేయుట, చాటను మణికట్టు తిన్నగానుండు నెత్తున నుంచుకొనుట మంచిది. రెండవది, సొరంగమున నిచ్చు స్టిరాయిడ్ సూది. దానివలన చాలమందికి కొన్ని వారములనుండి కొన్ని మాసములవఱకు నెమ్మది కలుగును. పిమ్మట బాధ తిరిగి వచ్చుటయు కలదు. మాంత్రికుని తాయెత్తును, వీధిలో నరము "లాగి" సరిచేయుదునను వానిని నమ్మి కాలము పోగొట్టుకొనరాదు. ఇచట కాలమే ధనము.

బద్దయు కత్తియు పోల్చి చూచిన పరిశోధన యొకటి హాలండు దేశమున జరిగి 2002లో ప్రకటింపబడినది. 176 మంది రోగులను చీట్లు వేసినట్లు రెండు తెగలుగా విభజించిరి. మూడు మాసములకు శస్త్రచికిత్స పొందినవారిలో నూటికి 80 మంది, బద్ద కట్టినవారిలో 54 మంది బాగుపడిరి. పదునెనిమిది మాసములకు ఆ సంఖ్యలు 90, 75. ఈ రెండవ సంఖ్యను చదువునప్పుడొక జాగ్రత్త వలయును: బద్ద తెగలోనివారు కొందఱు నడుమ శస్త్రచికిత్స చేయించుకొనిరి. ఈ లెక్కను మేనమామయు, ప్రక్కింటి యామెయు నిరువురును వినవలెను. కోసినచో చేయి పోవునన్నమాట నిజము కాదు. కోయకున్నచో ప్రతివాని చేయియు చచ్చునన్నమాటయు నిజము కాదు.

శస్త్రచికిత్స యనగా నేమి?

పేరు వినుటకు భయంకరమేగాని యిది చిన్న శస్త్రచికిత్స. సాధారణముగా మనిషిని నిద్రపుచ్చరు. చేయి మాత్రము మొద్దుబారునట్లు సూదిమందిత్తురు. అరచేతి మొదట మూడు నాలుగు సెంటీమీటర్లు కోసి, అడ్డముగానున్న బంధకమును చీల్చుదురు. సొరంగము విశాలమగును, నరమునకు చోటు దొరకును. నరమును కోయరు, నరముపైని కప్పును తొలగింతురు. ఈ భేదము తెలియకపోవుటచేతనే చాలమంది "నరము కోసిరి" అని భయపడుచున్నారు. పని యరగంటలోపల ముగియును. చాలమంది నాడే యింటికి పోవుదురు. సన్నని నాళికతో లోపల చూచుచు చేయు పద్ధతి 1980వ దశాబ్దమున బయలుదేరినది. పిమ్మటి కాలపు ఫలితము రెంటికిని దాదాపు సమానమే.

వ్రేళ్లను ఆనాటినుండియే కదలింపవలెను. కుట్లు పది పదునాలుగు దినములకు తీయుదురు. తేలిక పనులకు రెండు మూడు వారములు, గట్టిగా పట్టు పనులకు ఆఱు వారములు గాని యంతకు మించి గాని పట్టును. అరచేతి మొదట నొప్పి కొన్ని మాసములు నిలువవచ్చును. రాత్రి తిమ్మిరి త్వరగా పోవును. స్పర్శ మెల్లగా వచ్చును. పోయిన కండ రాకపోవచ్చును. గాయము చీముపట్టుట, మచ్చ నొచ్చుట, అరుదుగా నరపు కొమ్మకు గాయమగుట, బంధకము పూర్తిగా చీలక బాధ మిగులుట - ఈ ప్రమాదములు స్వల్పములైనను కలవు. మధుమేహమున్నవారు ముందుగా దానిని అదుపున నుంచుకొనవలెను.

నిర్ణయము చేయు విధము

వైద్యునియెదుట కూర్చుండునప్పుడు రోగి యడుగవలసిన ప్రశ్నలు నాలుగు. నలిగిన నరమేది, ఎచట? కారణము వేఱొక వ్యాధియా? కండ తగ్గెనా, స్పర్శ యెడతెగక పోయెనా? కత్తి లేని చికిత్సను సరిగా, చాలినన్ని దినములు చేసి చూచితిమా? సందేహమున్నచో చిన్న విద్యుత్తు తాకిళ్లతో నరమున వార్త పరుగెత్తు వేగమును కొలుచు పరీక్ష చేయింపవచ్చును.

తిమ్మిరి వచ్చిపోవుచు, కండ బాగుండి, బద్దతో తగ్గుచున్నచో, వేచియుండుట పిఱికితనము గాదు, వివేకము. రెండు మూడు మాసములు బద్ద కట్టినను నిద్ర పట్టనిచో, శస్త్రచికిత్స నాలోచింపవలెను. తిమ్మిరి పగలును రాత్రియు విడువక, బొటనవ్రేలి మొదట గుంట పడుచు, వస్తువులు జారుచున్నచో, వేచియుండుట నష్టము. అప్పుడు ఓపిక పేరుతో మనము పోగొట్టుకొనునది తిరిగి రానిది.

ఐదవ ప్రశ్న వైద్యు డడుగడు, ఇంటివారే యడుగుకొనవలెను. ఆఱు వారముల కూలి యెట్లు? ఇంటిపని యెవరిది? ఈ ప్రశ్నను ముందుగా పరిష్కరింపనిచో, కుట్లు తీసిన మఱునాడే తల్లి చాట ఒడిలో పెట్టుకొనును. లేదా బడికి పోవలసిన కూతురు దానిని ఒడిలో పెట్టుకొనును. మొదటిది చేతికి చేటు, రెండవది బిడ్డ భవిష్యత్తునకు చేటు.

ఆ బాలిక తల్లిని కామారెడ్డిలో వైద్యునకు చూపించిరి. మచ్చలు లేవు, మధుమేహము లేదు, థైరాయిడ్ సరిగానున్నది. నలిగినది కుడి మణికట్టునొద్ద మీడియన్ నరమే. కండ యప్పటికి కొంచెము పలుచబడెను గాని పోలేదు. ఆమె రెండు మాసములు బద్ద కట్టెను. ఎడమచేతికి నెమ్మది కలిగెను; కుడిచేతికి కలుగలేదు, పట్టు ఇంకను తగ్గెను. అప్పుడు మేనమామయే ముందుకు వచ్చి, "సార్ చెప్పింది నిజమే, నరం కొయ్యరంట" అని యొప్పుకొనెను. కూతురి పరీక్షలు ముగిసిన వారమున కుడిచేతికి మాత్రము శస్త్రచికిత్స జరిగెను. ఆ ఆఱు వారములు ఇల్లు నడపుటకు మేనమామ బియ్యము పంపెను. ప్రక్కింటి యామె వంట చూచెను.

ఈ మధ్య నా బాలిక తల్లి బడి గేటునొద్ద కనబడినది. "రాత్రి నిద్ర పడుతుంది సారూ" అనెను. వ్రేలికొనల మొద్దుతన మింకను కొంత యున్నదట. దినమునకు మిల్లీమీటరు చొప్పున అదియు వచ్చుచున్నదనుకొందము. ఇప్పుడు మునుపటికంటె తక్కువ బీడీలు చుట్టుచున్నది. గంటకొకమారు లేచి చేతులు చాపుకొనుచున్నది. కూతురు ఇంటర్‌లో చేరినది.

బాలబాలికలారా! మీ యింట రాత్రివేళ ఎవరైన మేల్కాంచి చేయి విదిలించుకొనుచున్నచో, దానిని వయసు పేర గాని, పని పేర గాని త్రోసివేయకుడు. దీపము వెలిగించి, ఏ వ్రేళ్లు తిమ్మిరెక్కినవో యడిగి వ్రాసికొనుడు. ఆ చిన్న కాగితమును వైద్యునియొద్దకు తీసికొనిపొండు. కత్తి వలయునో వలదో నిర్ణయించుటకు అదియే మొదటి మెట్టు.